ఒకటో చోటు

మిరపకాయలు ఆరబోసి తాలు ఏరుతున్నాం. పక్క ఊరి నుంచి కూలికి వచ్చిన ఒకామె, చేతిలో కాయ చేతిలో ఉండగానే, "మీ రోడ్డు మీద సిమ్ములు బాగుచేసే ముసలాయన పోయిండంట గద" అంది. మబ్బు పట్టింది చూడు అన్నట్టే అంది. నేను ఆమె ముఖం వంక చూశాను. ఆమెకు అంతకన్నా తెలియదు. ఆయన పేరు కూడా తెలియదు. ఆ మాటకొస్తే నాకూ తెలియదు, మా వైపు ఎవరికీ తెలియదు. ఆకుల మామ అంటే చాలు, ఏన్కూరు నుంచి జూలూరుపాడు దాకా ఆడవాళ్లందరూ చెయ్యెత్తి రోడ్డు పక్కన ఆయన కూర్చునే రేకుల డబ్బా వైపు చూపిస్తారు.

ఆ మధ్యాహ్నం పట్టా నీడన కాసేపు నడుం వాల్చాను. అది నిద్రా కాదు, మెలకువా కాదు. సిమ్ము మీద ఉంటుందే బంగారు రంగు రేకు, దాని లోపలికి నేను కాలినడకన పోతున్నాను. లోపల పెద్ద కల్లం. కల్లంలో వరసలు. వరసల్లో మా వాళ్లందరూ కూర్చుని ఉన్నారు, ఉన్నవాళ్లూ పోయినవాళ్లూ. ఎవరూ మాట్లాడటం లేదు, పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు ఉన్నారు. ఇప్పపూలు రాలే వాసన వస్తోంది. ఆకుల మామ వాళ్ల మధ్యలో నుంచి చీపురు పుల్ల పట్టుకుని నడుస్తున్నాడు. లేచి చూస్తే చెంప కింద మిరపగింజలు అంటుకుని మండుతున్నాయి.

నేను చెప్తుంటే మా అమ్మాయి రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. మాటలు కొంచెం చక్కదిద్దుకో అన్నాను, సంగతి మాత్రం మార్చొద్దన్నాను.

తారు రోడ్డు నుంచి అడవి బాట చీలే చోట ఉండేది ఆయన డబ్బా. బోర్డు లేదు. లోపల ఒక పీట, ముందర పరిచిన గోనెపట్టా, అంతే. ఫోన్లు రాకముందు ఆయన బీడీల తునికాకు ఆరబెట్టే కల్లంలో కల్లేదారు, అంటే అక్కడి పెత్తనం ఆయనదే. ఎండాకాలం మేము అడవిలో ఆకు కోసి, కట్టలు కట్టి తెచ్చి కల్లంలో పోస్తే, ఎవరి కట్టలు వాళ్ల వరసలో ఆరబెట్టించేవాడు. పేర్లు రాసి పెట్టుకోలేదు. ఈ వరస ఈమెది, ఆ వరస ఆమెది, అంతే. గాలి దుమారం లేచి ఆకు చెల్లాచెదురైనా, ఎవరి కట్ట ఎక్కడిదో కళ్లు మూసుకుని చెప్పేవాడు. అందుకే ఆకుల మామ అయ్యాడు.

మాకు ఫోన్లైతే వచ్చాయి గానీ, అందులో పేర్లు చదవడం రాలేదు. ఫోను కొన్న దుకాణంలో ఇంగ్లీషులో పేర్లు వేసి ఇచ్చేవారు. మాకవి చీమల బారుల్లా కనిపించేవి. తమ్ముడికి చేద్దామని నొక్కితే ఆటో అతను పలికేవాడు. సిగ్గుపడి పెట్టేసేవాళ్లం, ఆటో మాత్రం ఇంటి ముందుకొచ్చి ఆగేది.

ఆకుల మామ ఆ పేర్లన్నీ తీసి పక్కన పారేశాడు. "పేరు నాకెందుకు బిడ్డా, చోటు చెప్పు" అనేవాడు.

సిమ్ములో చోట్లుంటాయి. ఈ మాట ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. ముందు ఎక్కించిన నంబరు ఒకటో చోట కూర్చుంటుంది. తర్వాతది రెండు, ఆ తర్వాతది మూడు. భోజనాల బంతిలో కూర్చోబెట్టినట్టే. చోటు అంకె నొక్కి, ఫోను కింద మూలన ఉండే దడి గుర్తు నొక్కితే, ఆ చోటులో కూర్చున్న మనిషి తెర మీదికి వస్తాడు. రెండు పుల్లలు నిలువు, రెండు పుల్లలు అడ్డం, దాన్ని ఆయన దడి అనేవాడు. ఆ తర్వాత పచ్చ బొత్తం నొక్కితే మనిషి పలుకుతాడు. అంకెలు మాకు రాకపోవడమేమిటి, బస్సు మీద చూసినవే, నోటు మీద చూసినవే. నాట్లేసేటప్పుడు మేము వరసలు పాటలాగా అనుకునేవాళ్లం. ఒకటి ఫలానా, రెండు ఫలానా. ఒకామె తన పాట అంటుంటే ఇంకొకామె వినకుండా తన పాట గట్టిగా ఎత్తుకునేది, లేకపోతే చోట్లు కలిసిపోతాయి.

ఫోను పగిలిపోయినా, కాలవలో పడినా ఆయనకు లెక్కలేదు. "ఫోను చీరె, సిమ్ము ఒళ్లు. చీరె మార్చుకుంటే ఒళ్లు మారుతదా" అనేవాడు. ఆ సిమ్మును వేరే ఫోనులో వేస్తే నిజంగానే అందరూ ఎవరి చోట్లలో వాళ్లే ఉండేవారు. సిమ్మును ఫోనులో నుంచి బయటికి నెట్టడానికి ఈతముల్లు వాడేవాడు. చెవిలో పుల్ల పెట్టుకున్నట్టు ఆ ముల్లు ఎప్పుడూ తలపాగాలోనే ఉండేది. ఆయన బొటనవేలు ఆకు కట్టి కట్టి నల్లగా మొద్దుబారి ఉండేది. అది బొత్తాల మీద పెడితే మూడు బొత్తాలు ఒకేసారి నొక్కుకుంటాయి. అందుకని చీపురు పుల్లతో నొక్కేవాడు. ఒక్కో అంకె నొక్కేటప్పుడు పెదవి కూడా కదిలేది, చిన్నపిల్లకు అన్నం పెట్టే తల్లి నోరు తెరిచినట్టు.

బాగు చెయ్యడానికి వచ్చిన ఫోన్లను గోనెపట్టా మీద బోర్లా వరసగా పరిచేవాడు. అన్నీ నల్లవి, అన్నీ ఒకటే రకం. చీటీ ఉండదు, గుర్తు ఉండదు. సాయంత్రం మేము పని నుంచి వస్తుంటే, తల ఎత్తకుండానే మా కాళ్లు చూసి, ఎవరిది వాళ్ల చేతిలో పెట్టేవాడు.

కొత్తగా ఎవరొచ్చినా ఒకటే అడిగేవాడు. "ఆపదొస్తే ముందు ఎవర్ని పిలుస్తవ్?"

ఆ మాటకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు. కొందరు ఠక్కున చెప్పేవాళ్లు. కొందరు పీట పక్కన కూలబడి ఆలోచించేవాళ్లు. అడవి ఊళ్ల నుంచి వచ్చిన ఒక అవ్వ చాలాసేపు ఆకాశం చూసి, ముత్యాలమ్మ తల్లిని పిలుస్తానంది. "ఆ తల్లికి ఫోను లేదు గదనే అవ్వా" అన్నాడు, నవ్వకుండానే. అవ్వ ఇంకాసేపు ఆలోచించి పక్కింటామెను చెప్పింది. ఆయన తల ఊపి ఎక్కించాడు. ఎవరిని చెప్పినా ఎందుకనేవాడు కాదు. కొడుకును కాదని కోడలిని చెప్పినా, మొగుణ్ణి కాదని అన్నను చెప్పినా ఆ ముఖం ఒకటే తీరు.

నా మొదటిసారి నాకు కళ్లకు కట్టినట్టుంది. మా ఇంటాయన రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆకుల మామ అడిగాడు. నేను తల వంచుకున్నాను. మా ఇళ్లల్లో మొగుడి పేరు నోటితో అనం. పేరు అడగడులే, చోటే కదా అనుకున్నాను గానీ, ఆ చోటు కూడా నోటితో అనడానికి నాకు సిగ్గేసింది. ఊరికే తల తిప్పి టీ కొట్టు వైపు చూశాను. ఆయన కూడా అటు చూశాడు. "అవ్ మరి" అన్నాడు. సిమ్ములో నంబరుతో పాటు ఏదో ఒక పేరు వెయ్యనిదే అది ఊరుకోదట. పేరుకు బదులు ఒక చుక్క పెట్టాడు. "ఇగో, బొట్టు పెట్టిన. ఈ బొట్టు నీది, ఈ చోటు ఆయనది" అన్నాడు.

ఒకటి, దడి. తెర మీద చిన్న చుక్క. వేలికి అంటుకునేంత చిన్నది.

మొదటిసారి పలికించి చూడమని ఫోను మన చేతికిచ్చాక, ఆయన ముఖం అడవి వైపు తిప్పేసుకునేవాడు. మనం మాట్లాడినంతసేపు టేకు ఆకులు లెక్కపెడుతున్నట్టు అటే చూసేవాడు. ఎవరు ఏమన్నారు, ఏమైంది అని ఒక్కనాడు అడగలేదు. మా వైపు ఎవరి గుండెలో ఎవరు ముందు కూర్చున్నారో ఆ ఒక్క మనిషికి తెలుసు. అది తెలుసుకుందామని ఎందరో తిరిగారు. మా వీధిలో ఒక వదిన ఒకనాడు సొరకాయ పట్టుకుపోయింది. మాటల్లో మాటగా, తన మొగుడి ఫోనులో ఒకటో చోట ఎవరున్నారు మామా అని అడిగింది. మేము నలుగురం అక్కడే ఉన్నాం, చెవులు నిక్కబొడుచుకున్నాం.

ఆయన సొరకాయను అటూ ఇటూ తిప్పి చూశాడు. "లేతగుంది" అన్నాడు. తర్వాత దాన్ని ఆమె ఒళ్లోనే పెట్టేశాడు. "నీ ఒకటి నీకు తెల్సు, ఆయన ఒకటి ఆయనకు తెల్సు. నేను గోనెపట్టా లెక్క బిడ్డా. నా మీద ఆరబోస్తరు, ఎత్తుకపోతరు. పట్టాకేం తెల్సు" అన్నాడు. వదిన అలిగి పోయింది. ఆ సొరకాయ ఆ రాత్రి వాళ్ల ఇంట్లోనే ఉడికింది.

తర్వాత మా ఇంటాయన పోయాడు. ఎట్లా పోయాడో చెప్పను, ఇది ఆయన కథ కాదు. జ్వరం అనుకున్నాం, అంతే.

దినాలు అయిపోయాక ఒక సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని ఊరికే ఒకటి నొక్కాను, దడి నొక్కాను. చుక్క రాలేదు. ఏదో పెద్ద పేరు వచ్చింది, చీమల బారు. పచ్చ బొత్తం నొక్కితే, "చెప్పండమ్మా, ఏం మందు గావాలె? తెగులుకా, పురుగుకా?" అని ఒక గొంతు. పురుగుమందుల దుకాణం అతను. నేను ఫోను చెవి నుంచి తీసి, మళ్లీ పెట్టుకున్నాను. అతను మాత్రం ఆకుముడతకు ఏది కొట్టాలో, ఎంత కలపాలో వరసగా చెప్పుకుపోతున్నాడు.

జరిగింది ఇదీ. మా మరిది మంచి మనసుతోనే, చూసినప్పుడల్లా వదిన ఏడుస్తదని, ఆ చుక్కను తుడిచేశాడు. తర్వాత ఎప్పుడో చేనుకు పనికొస్తుందని మందుల దుకాణం నంబరు ఎక్కించాడు. సిమ్ముకు మంచీ చెడూ తెలియదు. ముందుగా ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ కూర్చోబెడుతుంది.

పొద్దున్నే ఆకుల మామ దగ్గరికి పోయాను. సంగతి చెప్తుంటే ఆయన చీపురు పుల్ల కింద పెట్టేశాడు. అది నేను ఎప్పుడూ చూడలేదు. "నంబరు చెప్పు, మళ్ల ఎక్కిస్త" అన్నాడు. నాకు ఆ నంబరు తెలియదు. అన్ని ఏళ్లు కాపురం చేసిన మనిషి నంబరులో ఒక్క అంకె కూడా తెలియదు. నాకు చోటు ఒక్కటే తెలుసు.

"ఆయన ఫోనుంటే తే" అన్నాడు. ఇంటికి పోయి పెట్టెలో నుంచి తెచ్చాను. ఆయన దాంట్లో నుంచి తన ఫోనుకు మోగించి నంబరు పట్టుకున్నాడు. దుకాణం అతన్ని లేపి, మా ఇంటాయనను కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, దుకాణం అతన్ని వరస చివరికి పంపాడు. అంతా అయ్యాక, మా ఇంటాయన ఫోనులో కూడా ఒకటి, దడి నొక్కాడు. తెర చూశాడు. చూసి, ఆ వెలుగు దానంతటదే ఆరిపోయేదాకా చేతిలోనే పట్టుకుని, నాకు ఇచ్చేశాడు.

అందులో ఎవరున్నారని నేను అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు. ఆ ఫోను ఇప్పటికీ పెట్టెలోనే ఉంది, ఛార్జింగు పెట్టలేదు. తెలుసుకోవాలని లేదు అంటే అబద్ధం. ఉంది. కానీ ఆకుల మామ దాన్ని పట్టుకున్న తీరు చూశాను, నాకు అది చాలు అనుకుంటాను.

అప్పటి నుంచి సాయంత్రం పూట, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఒకటి నొక్కి, దడి నొక్కి, ఆ చుక్కను చూసేదాన్ని. పచ్చ బొత్తం నొక్కేదాన్ని కాదు. చెరువు అవతలి గట్టు మీద ఎవరో దీపం పట్టుకుని నిలబడినట్టు ఉండేది. పిలవాల్సిన పని లేదు. ఉన్నాడని చూసి, లోపలికి పోయి అన్నం వార్చుకునేదాన్ని.

ఏళ్లు గడిచాయి. మా అమ్మాయికి ఖమ్మంలో దవాఖానాలో పని దొరికింది. నేను చేను చూసుకుంటూ ఇక్కడే ఉన్నాను. పోయిన ఏడు పత్తి తీస్తుండగా రక్తపింజరి కరిచింది. పొద్దు అప్పుడే వాలుతోంది. మడమ దగ్గర నిప్పు పెట్టినట్టయింది. కూలబడ్డాను. చుట్టూ తెల్లటి పత్తి, దాని మీద ఎండ, అంతా తేలుతున్నట్టు అయింది. చెయ్యి తనంతట తానే ఫోను తీసింది. రెండో చోట తమ్ముడు ఉన్నాడు, మూడో చోట కూతురు ఉంది. వేలికి అవేమీ తెలియలేదు. ఒకటి, దడి, పచ్చ బొత్తం.

మోగింది. మగ గొంతు పలికింది.

"పాము కరిచింది, రా" అన్నాను.

ఆ గొంతు ఏదో అంది. నాకు తెలియని భాష. పోయినవాళ్లు అక్కడి మాట నేర్చుకుంటారు కాబోలు, ఇన్నేళ్లయింది కదా, మన మాట మర్చిపోయి ఉంటాడు అనుకున్నాను. నాకు కోపం కూడా రాలేదు. చేలోనే ఉన్నా, తూర్పు గట్టు దగ్గర, అని నెమ్మదిగా చెప్పాను, అర్థం కావాలని. ఆ గొంతు పెట్టెయ్యలేదు. ఒకటే మాట మళ్లీ మళ్లీ అంటోంది. ఆ మాట ఏమిటో తెలియలేదు గానీ, అందులో కంగారు తెలిసింది. ఎవరో నాకోసం కంగారు పడుతున్నారు, ఇంక ఫరవాలేదు అనుకుని కళ్లు మూసుకున్నాను.

పక్క చేలో పత్తి తీసే ఆమె నీళ్లకని వచ్చి చూడబట్టి బతికాను. కొత్తగూడెం దవాఖానాలో కళ్లు తెరిచేసరికి మా అమ్మాయి పక్కనే ఉంది. నా ఫోను దాని చేతిలో ఉంది. ఎవరికి చేశానో అప్పటికే చూసేసింది. ఆ నంబరు ఎప్పుడో వేరేవాళ్లకు పోయిందట, డబ్బులు కట్టకపోతే కొన్నాళ్లకు కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుందట. ఏ దేశపు మనిషో, ఆ రాత్రంతా తిరిగి నాకు చేస్తూనే ఉన్నాడట పాపం.

మా అమ్మాయి ఏడవలేదు. కాలు నిమురుతూ, మెల్లగా అంది. "ఒకటిల నన్నన్నా పెట్టు అమ్మా, లేకుంటే చేను కౌలుకిచ్చి నాతోని ఖమ్మం నడువు. రెండిట్ల ఏదో ఒకటి. ఇంకోపాలి ఇట్లయితే నేను బతకను."

దాని మాట తప్పు కాదు. కానీ ఆ కిరాయి గదిలో, కిటికీ తెరిస్తే ఇంకొకరి గోడ కనిపించే చోట, నేను ఏం చేస్తాను? ఈ చేను రాళ్లు మేమిద్దరం ఏరాం. తెల్లారితే ఇక్కడి పిట్టల్ని నేనే అదిలించాలి. అలాగని ఒకటో చోటులో నుంచి ఆయనను లేపమంటే, నా చేత కాదు. రేపు, మాపు అంటూ నెట్టుకొచ్చాను. మా అమ్మాయి ఆదివారం ఆదివారం ఫోను చేసి, పెట్టినవా అని అడిగేది. నేను వాన సంగతి చెప్పేదాన్ని.

అంతలో పాత సిమ్ములకు సిగ్నలు అందడం ఆగిపోయింది. అందరూ కొత్త సిమ్ము వేసుకోవాలన్నారు. నంబరు పాతదే ఉంటుంది గానీ, లోపలి చోట్లన్నీ ఖాళీగా వస్తాయి. ఆడవాళ్లందరం ఆకుల మామ డబ్బా ముందు కూర్చున్నాం. ఆయనకు అప్పటికే చూపు మసకేసింది, దగ్గు పట్టుకుంది. అయినా పాతది ఒక ఫోనులో, కొత్తది ఒక ఫోనులో వేసుకుని, ఒక్కొక్కరినీ అక్కడి నుంచి లేపి ఇక్కడ కూర్చోబెడుతున్నాడు.

ఆయన చేసే ఒక పని అక్కడ చూశాను నేను. చాలామంది సిమ్ముల్లో నడిమధ్య ఖాళీలు ఉన్నాయి. పోయినవాళ్ల చోట్లు. ఆడవాళ్లేమో ఆ ఖాళీలు అట్లాగే ఉండాలంటారు, లేకపోతే తర్వాతి వాళ్లందరూ ఒక చోటు ముందుకు జరిగి పాట తప్పుతుంది. మరి సిమ్ము ఖాళీ ఉంచదు కదా. అందుకని ఆకుల మామ ఖాళీ వచ్చినచోటల్లా తన నంబరు ఎక్కించేవాడు. "నేను కాసేపు కూసుంట" అనేవాడు. వరస అంతా నిండాక, తనను తాను తుడిచేసుకుని లేచేవాడు. ఒకామె మామ చోటులో, ఒకామె బిడ్డ చోటులో, ఒకామె తోడికోడలి చోటులో. ఆ పొద్దంతా ఎందరు పోయినవాళ్ల చోట్లలో ఆయన కూర్చుని లేచాడో! కొత్త నంబరు ఎక్కించుకోవాలంటే నా దగ్గరికే రండి, మళ్లీ నేను కూర్చుంటా అని ఒక్కొక్కరికీ చెప్పి పంపుతున్నాడు.

నా వంతు వచ్చింది. పాత సిమ్ములో ఒకటి నొక్కాడు. చుక్క వచ్చింది. నా పాము సంగతి ఆయనకు తెలుసు, ఊరంతటికీ తెలుసు.

"ఈ నంబరు ఇప్పుడు పరాయోళ్లది బిడ్డా" అన్నాడు.

"తెల్సు మామా. అట్లయితే ఖాళీగుంచు. అందరికి కూసున్నట్టే నాకు గూడ కూసొని లెవ్వు."

ఆయన ఈతముల్లు తీసి తలపాగాలో దోపుకున్నాడు. దగ్గు వచ్చి ఆగింది. తర్వాత కల్లం సంగతి చెప్పాడు. ఆకు సీజను నడుస్తుండగా ఒకసారి ఒకామె పోయిందట. ఆమె వరసను అందరూ భయానికో భక్తికో ముట్టుకోకుండా వదిలేశారట. తెల్లారి చూస్తే ఆ ఖాళీ వరసలో నుంచి మేకలు దూరి, అటూ ఇటూ ఉన్న ఆకంతా తొక్కి పెట్టాయట. అప్పుడు ఆమె చెల్లెల్ని పిలిచి, నీ కట్టలు ఆ వరసలో పొయ్యి అన్నాడట.

"మరి వీళ్లందరికి ఖాళీలుంచితివి గద" అన్నాను. నా గొంతు నాకే మొండిగా వినిపించింది.

"వాళ్లవి నడిమిట్ల చోట్లు. నీది ఒకటి" అన్నాడు. "ఇంకోటి బిడ్డా. నేనున్నన్ని దినాలు కూసుంట, లేస్త. నేను లేననుకో. మళ్ల ఎవడొచ్చి కూసుంటడో."

నేను ఆ చుక్క వంకే చూస్తున్నాను. తెర వెలుగు ఆరిపోబోతే ఆయన పుల్లతో తట్టి మళ్లీ వెలిగించాడు. ఆరిపోబోతే మళ్లీ వెలిగించాడు. తొందరపెట్టలేదు.

"మరి ఆయనను ఏడ కూసోబెడతవ్?" అన్నాను.

ఆయన వరస అంతా చూశాడు. "చివర్న ఉంది చోటు. మందుల దుకాణమాయన పక్కన."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. ఒక ఏడు నాసిరకం విత్తనాలు అంటగట్టాడని మా ఇంటాయన ఆ దుకాణం మెట్ల మీద నిలబడి తిట్టని తిట్టు లేదు. "వద్దు మామా, ఇద్దరికి పడదు. కొట్టుకుంటరు."

"మరి?"

"కల్లు గీసే ఆయన ఉన్నడు గద, తొమ్మిదిల. ఆయన పక్కపొంటి పెట్టు. ఇద్దరు మాట్లాడుకుంటరు."

వెనక నుంచి వదిన, అదే సొరకాయ వదిన, "ఇగ మా అన్న ఆ చోటులకెంచి లెవ్వడు" అంది. అందరూ నవ్వారు. కొంగులు కళ్లకు కూడా పోయాయి.

ఆకుల మామ ఫోను నా చేతికిచ్చాడు. చీపురు పుల్ల కూడా ఇచ్చాడు. "ఒకటి నేను ఎక్కియ్య. నువ్వే ఎక్కియ్యి" అన్నాడు. పాత సిమ్ములో నుంచి మా అమ్మాయి నంబరు ఒక్కో అంకె చదివి చెప్పాడు. నేను నొక్కాను. నా పెదవి కూడా కదిలింది. ఆఖరి అంకె అయ్యాక, పేరేం పెట్టాలె అని అడిగాడు. చుక్క వద్దన్నాను, అది ఆయనతోనే పోనీ అన్నాను. మా అమ్మాయి పేరు నోటితో అన్నాను. ఆయన ఇంగ్లీషు అక్షరాలు చూపిస్తూ పోయాడు, నేను నొక్కుతూ పోయాను. అది చీమల బారే, కానీ ఒక్కొక్క చీమను నేనే నడిపించాను.

"పలికించి చూడు" అని, ఎప్పటిలాగే ముఖం అడవి వైపు తిప్పేసుకున్నాడు.

ఒకటి, దడి, పచ్చ బొత్తం. ఒక్కసారి మోగీ మోగకముందే ఎత్తింది. "అమ్మా, ఏమైంది?"

"ఏం గాలే. ఒకటి నొక్కి చూసిన."

అటు దవాఖానాలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, బండి చక్రాలు దొర్లుతున్నాయి.

"నాయన ఏడ?" అంది కాసేపటికి.

"కల్లు గీసే మామ పక్కన."

అది నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. ముక్కు చీదుకున్న చప్పుడు మాత్రం వినిపించింది. "సరే అమ్మా. నువ్వు ఆడనే ఉండు" అంది.

ఫోను పెట్టేశాను. ఆకుల మామ అడవి వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్లలో ఎవరినీ అడగనివాడు, మసక కళ్లు అటే ఉంచి, "ఏమంటది?" అని అడిగాడు.

"ఈడనే ఉండమంది మామా."

"ఉండు" అన్నాడు.

ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.